వాము వేసి కాచిన నూనె

మా మేనత్త పోయిన పన్నెండో రోజు సాయంకాలం, భోక్తలూ బంధువులూ వెళ్ళిపోయాక, పర్లాకిమిడిలోని ఆ పాత ఇంటి పెరటి అరుగు మీద ఒక్కదాన్నే కూర్చున్నాను. అప్పుడు పక్కింటి వంటింట్లోంచి వాము, వెల్లుల్లి వేసి కాచిన నువ్వుల నూనె వాసన గోడ దాటి వచ్చింది. ఆ ఇంట్లో నెల తిరగని ఆడబిడ్డ ఉంది. ఇటు చావు జరిగిన ఇల్లు, అటు పురిటి ఇల్లు, మధ్యన నడుమెత్తు మట్టిగోడ. ఆ వాసన తగలగానే నాకు గుర్తుకు వచ్చినది ఏ ముఖమూ కాదు, ఏ మాటా కాదు. వెన్నుకు రెండు వైపులా పైనుంచి కిందికి నెమ్మదిగా జారే రెండు అరచేతులు, వాటితో పాటే సాగే ఒక సన్నని కూనిరాగం గుర్తుకు వచ్చాయి. ఆ చేతులు మా మామ్మవి.

ఆ పన్నెండు రోజులలో ఆ ఇంట్లో ఎవరూ గొంతెత్తి ఏడవలేదు. శవాన్ని అద్దాల పెట్టెలో ఉంచారు కనుక దగ్గరకు వెళ్ళినవారి చేయి చల్లని గాజుకే తగిలింది. ఒక మూల చిన్న స్పీకరులో భజన పాట రోజంతా తిరిగి తిరిగి వస్తూనే ఉంది. అత్తకు ఒక్కగానొక్క కూతురైన మా వదిన, పురోహితుడి సంభావన నుంచి వంటవాళ్ళ లెక్క వరకు అన్నీ తానే చూసుకుంది. వచ్చినవారంతా ఆమెను గట్టి మనిషని మెచ్చుకుని వెళ్ళారు. నాకు మాత్రం ఆ పొడి కళ్ళను చూస్తే భయం వేసింది. ముప్పై ఏళ్ళకు పైగా నర్సుగా పనిచేసిన నేను అలాంటి కళ్ళను చాలాసార్లు చూశాను. అంతకంటే ముందు, మా ఇంట్లోనే చూశాను.

మా వీధిలో ఏ ఇంట్లో బిడ్డ పుట్టినా పదకొండో రోజు నుంచి మామ్మకు కబురు వచ్చేది. అది ఆమెకు వృత్తి కాదు. నెలాఖరున ఒక జాకెట్టు ముక్క, తాంబూలం ఇస్తే కళ్ళకద్దుకుని పుచ్చుకునేది, అంతే. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద రాగి గంగాళంలో నీళ్ళు కాగుతూ ఉంటే, మామ్మ పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి మడిచి, రెండు కాళ్ళూ చాపి దగ్గరగా చేర్చేది. ఆ కాళ్ళ మధ్య ఏర్పడే పల్లంలో బిడ్డను బోర్లా పడుకోబెట్టేది. ముందుగా రెండు అరచేతులనూ ఒకదానితో ఒకటి రుద్దుకుని, చేతి వేడిని తన చెంపకు ఆనించి చూసుకున్నాకనే బిడ్డ ఒంటి మీద చేయి వేసేది. నూనె వెచ్చదనం సరిపోతే చాలదని, చెయ్యి కూడా వెచ్చగా ఉండాలని ఆమె పట్టు. చలికాలంలో అయితే ఆ చేతులను పొయ్యి దగ్గర కాచుకునేది.

బిడ్డ ఏడుపు మొదలుపెడితే మామ్మ ఊరుకోమని అనేది కాదు. జోలపాట కూడా అందుకునేది కాదు. బిడ్డ ఏ స్థాయిలో ఏడుస్తోందో సరిగ్గా ఆ స్థాయిలోనే, మాటలు లేకుండా, నోరు మూసుకుని ఒక రాగం ఎత్తుకునేది. బిడ్డ పెంచితే తానూ పెంచేది. కొంతసేపు ఇద్దరిదీ ఒకే ఏడుపులా వినిపించేది. ఆ తరువాత ఎప్పుడు మొదలుపెట్టేదో మాకు తెలిసేది కాదు గాని, ఆమె గొంతు ఒక్కొక్క మెట్టే దిగుతూ ఉంటే, చేయి కూడా అంతే నెమ్మదిగా మెడ నుంచి నడుము వరకు దిగుతూ ఉంటే, బిడ్డ ఆమె వెంటనే కిందికి దిగి వచ్చేది. చివరకు ఒక వెక్కు, ఒక నిట్టూర్పు మిగిలేవి. "ఏడు బావూ, ఏడు. కడుపులో దాసుకుంటే పుండవుతాది" అని, అప్పుడు మాత్రం మాటలతో అనేది.

చాలా ఏళ్ళ తరువాత ఒక శిక్షణ తరగతిలో, బాధలో ఉన్న మనిషికి ముందు ఆ బాధకు సరితూగే సంగీతాన్నే వినిపించి, తరువాత మెల్లగా దారి మళ్ళించాలనే పద్ధతి సంగీత చికిత్సలో ఉందని, దానికి 1948 నాటికే 'ఐసో సూత్రం' అని పేరు కూడా పెట్టారని చెప్పారు. నేను పక్కన కూర్చున్న సిస్టరు చేయి గట్టిగా పట్టుకున్నాను. మా పెరడు, గంగాళం, ఆ కాళ్ళ మధ్య పల్లం, అన్నీ ఒక్కసారిగా ఆ గదిలోకి వచ్చినట్టు అనిపించింది.

అదే తరగతిలో చర్మం గురించి ఇంకొక సంగతి విన్నాను. వెంట్రుకలుండే చర్మం కింద, నొప్పినీ గట్టి ఒత్తిడినీ కాక, మృదువుగా నిమిరే చేతిని మాత్రమే ప్రత్యేకంగా పసిగట్టే సన్నని నరాలు మనకు ఉన్నాయట. సెకనుకు ఒకటి నుంచి పది సెంటీమీటర్ల మధ్య వేగంతో చేయి జారినప్పుడు అవి ఎక్కువగా స్పందిస్తాయనీ, ఆ వేగాన్నే మనుషులు హాయిగా ఉందని చెబుతారనీ 2009లో పరిశోధకులు చూపించారు. నేను ఆ రాత్రి హాస్టలు గదిలో లెక్క వేసుకున్నాను. పసిబిడ్డ వీపు దాదాపు జానెడు ఉంటుంది. ఆ జానెడును దాటడానికి మామ్మ అరచేతికి నాలుగైదు సెకన్లు పట్టేది. ఆమె రాగంలో ఒక ఊపిరి కూడా సరిగ్గా అంతే పట్టేది.

మామ్మ చేసినదంతా మంచిదేనని నేను అనను. బిడ్డ ముక్కులోనూ చెవిలోనూ రెండేసి నూనె చుక్కలు వేసి ఊదేది. ఆ నూనె ఊపిరితిత్తులలోకి జారితే పసివాళ్ళకు ప్రాణాపాయం వస్తుంది. అలా వచ్చిన బిడ్డలను వార్డులో నా చేతులతో ఎత్తుకున్నాను. అందుకే ఎక్కడ పురుడు జరిగినా ఒంటికి నూనె రాయమంటాను, ముక్కులో చెవిలో మాత్రం వద్దని బతిమాలుతాను.

మా చిన్నతనంలో పెద్దవాళ్ళ మధ్య కూడా ముట్టుకోవడానికి ఒక వేళ, ఒక నెపం ఉండేవి. సాయంకాలం దీపాలు పెట్టేముందు ఆడవాళ్ళంతా పెరటి అరుగు మెట్ల మీద ఒకరి వెనుక ఒకరు కూర్చునేవారు. అన్నిటికంటే పై మెట్టున మామ్మ, ఆమె ముందు అత్త, అత్త ముందు అమ్మ, అమ్మ ముందు నేను. ఒకరి తల ఒకరు దువ్వేవారు. మా ఊరు కొమ్ము పనికి పేరు పడిన ఊరు కనుక దువ్వెనలు కూడా కొమ్ముతో చేసినవే ఉండేవి. నల్లగా, నునుపుగా, నూనె తాగి తాగి మెరిసే ఆ దువ్వెన పళ్ళు మాడుకు తగిలినప్పుడు ఒక చల్లదనం ఉండేది. ఆ దువ్వెన జుట్టులో జారే చప్పుడుకు మామ్మ కూనిరాగం తోడయ్యేది. ముఖాముఖి కూర్చున్నప్పుడు ఒక్క మాటకూడా సరిగా మాట్లాడుకోని అమ్మా అత్తా ఆ మెట్ల మీద మాత్రం ఒకరి ముఖం ఒకరికి కనబడకుండా ఎన్నో చెప్పుకునేవారు. అమ్మ మనసులో కష్టం ఉన్న రోజు నా జడ బిగువుగా పడేది. నొప్పి పుట్టినా నేను చెప్పేదాన్ని కాదు. కొంతసేపటికి అత్త వేళ్ళు అమ్మ తల మీద నెమ్మదిగా తిరగడం మొదలయ్యాక, ఆ బిగువు నా జడలోనే సడలడం నాకు తెలిసేది.

*

నాన్న నౌపడా, గుణుపురం మధ్య నడిచే చిన్న రైలులో గార్డు. రెండున్నర అడుగుల పట్టాల మీద, టెక్కలి, టెంబూరు, పాతపట్నం, మా ఊరు, కాశీనగరం మీదుగా తొంభై కిలోమీటర్ల దూరాన్ని ఆ బండి తీరిగ్గా నడిచి వెళ్ళేది. పర్లాకిమిడి సంస్థానం వారు వేసిన ఆ దారి 1900లో మా ఊరి వరకు, 1931 నాటికి గుణుపురం వరకు వచ్చింది. 2004లో చిన్న రైలు ఆగిపోయి, 2011లో పెద్ద రైలు వచ్చింది. మధ్యలో 1936లో ఒడిశా ఏర్పడి మా ఊరు అటు, పక్కనున్న పాతపట్నం ఇటు అయ్యాయి గాని, నాన్న జెండా మాత్రం రెండు వైపులా ఒక్కలాగే ఊగేది. తెల్లవారుజామున ఆయన బయలుదేరేటప్పుడు నేను నిద్ర నటించేదాన్ని. నుదుటి మీద రెండు వేళ్ళు ఒక్క క్షణం ఆని వెళ్ళిపోయేవి. నేను మెలకువగా ఉన్నానని తెలిస్తే ఆయన అంత పని చేయగలిగేవాడు కాడు.

ఆ తరం తండ్రులకు బిడ్డల మీద ప్రేమ లేకపోలేదు, దాన్ని పైకి చెప్పే తీరు లేకపోయింది. నాన్నకు హార్మోనియం ఉండేది. ఒక నాటక సమాజం మూతబడినప్పుడు చవకగా కొన్నది. రాత్రి భోజనాలయ్యాక దాన్ని ముందుకు లాక్కుని, ఎడమ చేత్తో తిత్తి ఊదుతూ, కుడి చేత్తో మెట్లు నొక్కుతూ కూర్చునేవాడు. నాకు తాళం నేర్పినది ఆ రోజులలోనే. నా అరచేతిని తన అరచేతిలో ఉంచుకుని, తన తొడ మీద ఆది తాళం వేయించేవాడు. ఒక దెబ్బ, తరువాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు, ఆ పైన రెండుసార్లు దెబ్బా విసురూ, మొత్తం ఎనిమిది. నేను తప్పితే తిట్టకుండా, నా వేలిని తన వేలితో ఎత్తి సరైన చోట పెట్టేవాడు. ఆయన మనసులో ఏముందో నాకు ఆ తొడ మీద పడే దెబ్బ బరువును బట్టి తెలిసేది. దెబ్బ తేలికగా పడిన రోజు ఇంట్లో అందరికీ పండుగే.

మా తమ్ముడు ఆరేళ్ళ వయసులో జ్వరంతో పోయాడు. వాడిని బుజ్జి అని పిలిచేవాళ్ళం.

ఆ రోజు అమ్మ శోకం పెట్టి ఏడ్చింది. ఈ మాట ఇప్పటి పిల్లలకు అర్థం కాదు. అది ఊరికే ఏడవడం కాదు. పోయినవాడి ముద్దుమురిపాలనూ, తీరని కోరికలనూ వరుసగా తలుచుకుంటూ, ఒక రాగంలో మాటలు కూర్చుకుంటూ, ప్రతి వరస చివర దీర్ఘం తీసి ఊపిరి అయిపోయేదాకా నిలబెట్టి ఏడవడం. "కొత్త పలక కొనమన్నావు కొడుకా, పలక ఇంటికొచ్చినాది కొడుకా, నువ్వెక్కడికెల్లిపోనావు కొడుకా" అని అమ్మ ఎత్తుకుంటే, వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, తల తలకు ఆనించి, అదే రాగంలో తన వంతు మాటలు కలిపేది. కలుపుతూ ఇద్దరూ ముందుకూ వెనక్కీ ఊగేవారు. ఎదురింటి ఒడియా మావుసికి మా శోకాల వరస రాదు. ఆమె తన భాషలో తన వరసలోనే ఎత్తుకుంది. "కాందొ మా, కాందొ", ఏడువమ్మా ఏడువు, అంటూ అమ్మ వీపు నిమురుతూ ఉంటే, కొంతసేపటికి రెండు భాషల రెండు వరసలూ ఒకే చోట దీర్ఘం తీసుకోవడం విన్నాను. చిన్నదాన్నయినా ఆ సంగతి నాకు స్పష్టంగా గుర్తుంది. మామ్మ పసిబిడ్డల దగ్గర ఏమి చేసేదో, ఆ రోజు వాళ్ళంతా అమ్మకు అదే చేశారు. ముందు ఆమె ఏడ్చే స్థాయికి ఎక్కి, ఆమెను పట్టుకుని, పట్టు వదలకుండా కిందికి దించారు. మూడో రోజుకు అమ్మ నా ముఖం చూసి అన్నం తిన్నావా అని అడిగింది.

మగవాళ్ళకు అలాంటి ఏర్పాటు ఏదీ లేదు. నాన్న వీధి అరుగు మీద కండువా భుజాన వేసుకుని కూర్చున్నాడు. వచ్చిన మగవాళ్ళు పక్కన కూర్చుని, కాసేపు నేల చూసి, లేచి వెళ్ళారు. ఎవరూ ఆయన భుజం మీద చేయి వేయలేదు. కర్మలు అయ్యాక డ్యూటీకి వెళ్ళాడు. హార్మోనియం మీద దుప్పటి కప్పాడు. బుజ్జి పేరు మా ఇంట్లో ఇక ఎవరూ ఎత్తలేదు. తెల్లవారుజామున నా నుదుటి మీద వేళ్ళు పడటం కూడా ఆగిపోయింది. వదిన కళ్ళలో పొడితనం చూసి భయపడ్డానని ముందు చెప్పినది, ఆ ఏడాదంతా నాన్న కళ్ళలో చూసినదే.

ఏడాది తిరిగాక ఒడియా వీధివారు అష్టప్రహరి పెట్టుకున్నారు. ఎనిమిది జాములు, అంటే ఇరవై నాలుగు గంటలు, ఒక్క క్షణం కూడా ఆగకుండా నామం నడవాలి. అందుకు జట్టు తరువాత జట్టు కూర్చుంటుంది. హార్మోనియం వాయించే మనిషి జ్వరపడ్డాడని వాళ్ళు వచ్చి అడిగితే నాన్న కాదనలేకపోయాడు. దుప్పటి తీసి, తిత్తి దుమ్ము దులిపి, నన్ను వెంట తీసుకుని వెళ్ళాడు. రాత్రంతా మృదంగం, తాళాలు, ఆ ఒకే నామం. నేను ఒక స్తంభానికి ఆనుకుని నిద్రపోతూ లేస్తూ ఉన్నాను. ఎప్పుడు లేచి చూసినా ఆయన చేయి తిత్తి మీద అదే ఊపుతో ఆడుతూనే ఉంది. మరునాడు పొద్దువాలే వేళకు నామం ముగిసింది. ముగిసిన వెంటనే అక్కడి మగవాళ్ళంతా లేచి ఒకరినొకరు కౌగిలించుకోవడం మొదలుపెట్టారు. ఒడియావారు దాన్ని కోలాకోలి అంటారు. చిన్నా పెద్దా లేదు, తెలిసినవాడూ తెలియనివాడూ లేదు. రాత్రంతా మృదంగం వాయించిన ఒక భారీ మనిషి చెమటతో తడిసిన ఒంటితోనే వచ్చి నాన్నను రెండు చేతులతో గుండెకు అదుముకున్నాడు. నాన్న చేతులు మొదట పక్కనే వేలాడుతూ ఉండిపోయాయి. తరువాత లేచి ఆ మనిషి వీపు మీద పడ్డాయి. ఆయన వీపు కదలడం, గొంతులోంచి నేనెన్నడూ వినని ఒక ధ్వని రావడం నాకు కనబడింది, వినబడింది. ఆ మనిషి ఏమీ అడగలేదు, నాన్న ఏమీ చెప్పలేదు. చాలాసేపు వదలలేదు, అంతే.

ఇంటికి వచ్చే దారిలో, మహేంద్రతనయ గట్టు మీద, నాన్న నా తల మీద చేయి పెట్టి, ఇల్లు చేరేవరకు తీయలేదు.

*

నేను నర్సునై కొరాపుట్ వైపు వెళ్ళాను. ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో, అక్కడి ఒక ఆసుపత్రిలో, నెలలు నిండని పిల్లలను అద్దాల పెట్టెలలో ఉంచి, తల్లులను లోపలికి రానిచ్చేవారు కారు. సూక్ష్మక్రిములు సోకుతాయని కారణం చెప్పేవారు. నేనూ ఆ నియమాన్నే పాటించాను. కొండల నుంచి దిగివచ్చిన ఒక తల్లిని తలుపు దగ్గర నుంచి రెండుసార్లు వెనక్కి పంపాను. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని, తన భాషలో ఏదో పాట అందుకుంది. రాత్రంతా పాడుతూనే ఉంది. పాడుతూ అరచేత్తో గోడను నిమరడం, నా డ్యూటీ బల్ల దగ్గర నుంచి చూశాను. తెల్లవారుజామున బిడ్డ పోయింది. గుడ్డలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది నేనే. ఆమె గుడ్డ విప్పి, బిడ్డ మాడు వాసన చూసి, వీపు పొడవునా అరచేత్తో ఒక్కసారి నిమిరి, రాత్రి పాడిన పాటనే మళ్ళీ మొదటి నుంచి పాడింది. బతికి ఉన్నప్పుడు ఆ చేయి ఆ వీపును తాకనివ్వలేదన్న బాధ నన్ను ఇప్పటికీ వదలలేదు.

ఆ చైత్రమాసంలో పండుగకు తోటి సిస్టర్లు నన్ను ఒక ఊరికి తీసుకువెళ్ళారు. రాత్రి డప్పు, తుడుము, మోరి మోగుతూ ఉంటే ఆడవాళ్ళు థింసా ఆడుతున్నారు. ప్రతి ఆడమనిషి చేతులూ రెండు వైపులవారి వీపుల వెనుక నుంచి పోయి, అవతలివారి చేతులతో ముడిపడతాయి. అందరి నడుములూ కలిసి ఒకే పామైనట్టు ఆ వరస వంకర తిరుగుతూ సాగుతుంది. నన్ను కూడా వరసలోకి లాగారు. నాకు అడుగులు రావు. అయినా రెండు వైపుల నుంచీ వెనుక నుంచీ పట్టుకున్న చేతులు నన్ను పడనివ్వలేదు. కాసేపటికి అందరి ఊపిరితో నా ఊపిరి కలిసింది. ఆ బిడ్డ పోయిన రోజు నుంచి లోపల గడ్డకట్టి ఉన్నది ఏదో అప్పుడు కదిలి, అడుగు ఆపకుండానే ఏడ్చేశాను. కుడివైపు ఉన్న పెద్దావిడ నా ముఖం చూడలేదు. నా నడుము మీద ఆమె పట్టు మాత్రం కొంచెం బిగిసింది.

కొన్నేళ్ళకు కంగారూ సంరక్షణ మా వార్డులలోకి వచ్చింది. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో, పెట్టెలు చాలక, ఒకే పెట్టెలో ఇద్దరు ముగ్గురు పిల్లలను ఉంచవలసివచ్చి, వారిలో వారికి జబ్బులు అంటుకుంటూ ఉంటే, డాక్టర్ ఎడ్గార్ రే అనే పిల్లల వైద్యుడు తల్లుల రొమ్ము మీదనే బిడ్డలను నిలువుగా కట్టించడం మొదలుపెట్టాడు. మన వాళ్ళు చంకన గుడ్డ కట్టి బిడ్డను మోయడం చూసిన నాకు అది కొత్తగా అనిపించలేదు. పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు ఎనిమిది గంటలకు తక్కువ కాకుండా, వీలైతే ఇరవై నాలుగు గంటలూ అలా ఉంచమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. ఆ మాట చదివినప్పుడు గోడను నిమిరిన ఆ అరచేయే నా కళ్ళ ముందు నిలిచింది.

వార్డులో నేను తల్లులతో ఒకటే చెప్పేదాన్ని, పాడమని. పాట రాకపోతే కూనిరాగం చాలని. బిడ్డ చెవి తల్లి ఎద ఎముక మీద ఆని ఉంటుంది కనుక, ఆ గొంతు బిడ్డకు చెవితోనే కాదు, ఒంటితో కూడా వినబడుతుంది. కడుపులో ఉన్నప్పుడు ఏడో నెల నుంచి విన్నది కూడా ఆ గొంతునే, ఆ అదురుతోనే. గొంతు కూడా ఒక చెయ్యే అని నాకు ఆ వార్డులో తెలిసింది. ఒకసారి తల్లికి జ్వరం వస్తే తండ్రి చొక్కా విప్పి కూర్చున్నాడు. లారీ నడిపే మనిషి, ఏ పాటా రాదన్నాడు. చివరకు ఊరి గుడిలో మోగే డప్పు వరసను నోటితో, చాలా మెల్లగా అన్నాడు. కేజీ నాలుగు వందల గ్రాముల బిడ్డ ఆయన గుండెల మీద నిద్రపోయింది. ఆయన మూడు గంటలపాటు దగ్గనుకూడా దగ్గలేదు.

*

నాన్నకు పక్షవాతం వచ్చేసరికి నేను బరంపురంలో ఉన్నాను. కుడి చేయి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి. చెప్పవలసినది మనసులో ఉంది, నోటికి రాదు. నీళ్ళు కావాలంటే కిటికీ చూపి, మేము కిటికీ తెరిస్తే, మూసిన పిడికిలితో మంచాన్ని కొట్టుకునేవాడు. జీవితమంతా మాట తక్కువగా వాడిన మనిషి, ఆ తక్కువ మాటలు కూడా పోయాక, పసిపిల్లవాడిలా ఏడ్చేవాడు.

ఒక సాయంకాలం ఏమీ తోచక, ఆయన ఎడమ అరచేతిని నా ఒళ్ళో పెట్టుకుని, నాకు తొలినాడు నేర్పిన మోహన రాగపు స్వరాలను కూనిరాగం తీస్తూ, ఆది తాళం వేయడం మొదలుపెట్టాను. రెండో ఆవృతంలో ఆయన పెదవులు కదిలాయి. మూడో ఆవృతానికి "స రి గ ప ద" అని, తడబాటు లేకుండా, శ్రుతిలో పాడాడు. ఆసుపత్రిలోని వైద్యుడు విని ఆశ్చర్యపడలేదు. మాటకు ఆధారమైన మెదడు ఎడమ భాగం దెబ్బతిన్నా పాడే శక్తి చాలామందిలో మిగిలి ఉంటుందని, 1973లోనే అమెరికా వైద్యులు దీనిని ఒక చికిత్సగా మలిచారని, మాటను పైస్వరం కిందిస్వరంగా విడదీసి పాడిస్తూ ఒక్కొక్క అక్షరానికి రోగి ఎడమ చేతిని తడతారని చెప్పాడు. అన్నీ తిరిగి వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దన్నాడు.

అన్నీ తిరిగి రాలేదు. "మంచి నీళ్ళు" వచ్చింది, రెండు స్వరాల మీద. "కిటికీ" వచ్చింది. అమ్మను పిలవడానికి "ఏమే" అనేది ఒకే కింది స్వరం మీద వచ్చింది. ఒక్కొక్క మాటకూ వారాలు పట్టింది, ఒక్కొక్క అక్షరానికీ ఆయన చేతి మీద నా చేయి పడాలి. చిన్నప్పుడు నా వేలిని ఎత్తి సరైన చోట పెట్టిన వేళ్ళవి.

తరువాత హార్మోనియం తెప్పించాను. ఎడమ చేయి ఆడుతుంది కనుక తిత్తి ఆయన ఊదుతాడు, మెట్లు నేను నొక్కుతాను. ఇద్దరమూ ఒకే వైపు, భుజాలు తగిలేలా కూర్చునేవాళ్ళం. ఆయన గాలిని ఎంత ఇస్తే నా స్వరం అంత పలుకుతుంది, నేను మెట్టు వదిలితే ఆయన చేయి ఆగుతుంది. అలా వాయిస్తూ ఉన్న ఒక రాత్రి, నేను ఏమీ అడగకుండానే, పైస్వరం నుంచి కిందిస్వరానికి దిగుతూ, "బు... జ్జి" అన్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ఇంట్లో పలకని పేరు. మళ్ళీ అన్నాడు. అమ్మ వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చి, మంచం పక్కన చతికిలబడి, ఆయన చచ్చుబడిన కుడి చేతిని తన చెంపకు ఆనించుకుంది. నేను ఆ రెండు మెట్లనూ నొక్కుతూనే ఉన్నాను. తిత్తి ఆగలేదు.

*

అరుగు మీద నుంచి లేచి గోడ దగ్గరకు వెళ్ళి, పక్కింటి పెద్దావిడను పిలిచి, కాచిన నూనె కొంచెం ఇమ్మని అడిగాను. ఎందుకని ఆమె అడగలేదు. ఇత్తడి గిన్నెతో తెచ్చి గోడ మీద పెట్టింది.

వదిన వసారాలో లెక్కల పుస్తకం ముందేసుకుని కూర్చుంది. "వదినా, అలా మెట్టు మీదికి రా" అన్నాను. "ఇప్పుడా? ఇంకా సామాన్ల వాడికి ఇవ్వాలే" అంది. అయినా వచ్చింది. నేను పై మెట్టు మీద, ఆమె కింది మెట్టు మీద. జుట్టు విప్పి, అరచేతులు రుద్దుకుని, వెచ్చదనం చెంపకు చూసుకుని, మాడున నూనె అద్దాను. ఏ రాగం తీయాలో ఆలోచించలేదు. మామ్మదే వచ్చింది. మెడ నుంచి భుజాల వరకు చేయి నాలుగైదుసార్లు దిగేసరికి వదిన తల కొంచెం వెనక్కి వాలి నా మోకాలికి ఆనింది.

"అమ్మ ఇలాగే రాసేది" అంది, మామూలు గొంతుతో.

నేను రాగం ఆపలేదు.

"మొన్న ఆ పెట్టెలో పెట్టినప్పుడు నుదురు ముట్టుకోనివ్వలేదే నన్ను" అంది. ఆ మాట చివర గొంతు సాగింది. "అమ్మా" అని మళ్ళీ అందుకుంది, ఈసారి దీర్ఘం తీసి. ఆ దీర్ఘం తరువాత ఇంకొకటి. మందు వేళకు ఇచ్చాను కదమ్మా, దుప్పటి కప్పాను కదమ్మా, చెప్పకుండా ఎలా వెళ్ళిపోయావమ్మా అని, తాను ఎప్పుడూ ఎవరి దగ్గరా నేర్చుకోని శోకాన్ని, తప్పకుండా, ఊపిరి అయిపోయేదాకా తీస్తూ ఏడ్చింది. నేను ఆమె మెడ చుట్టూ చేతులు వేసి, తల ఆనించి, ఆమె ఎక్కిన చోటికి నా గొంతునూ ఎక్కించాను. ఇద్దరమూ ఊగుతూ ఉన్నాము. గోడ అవతల పసిబిడ్డ ఒకసారి ఉలిక్కిపడి ఏడ్చింది, దానిని ఎవరో ఊకొట్టి జోకొడుతున్నారు.

చీకటి పడింది. గిన్నెలో నూనె చల్లారిపోతే, పక్కింటావిడ అడగకుండానే తీసుకువెళ్ళి, మళ్ళీ వేడి చేసి గోడ మీద పెట్టింది.